సుగ్గికి వచ్చే పిట్టలు, వాటి లెక్క రాసిన సలీం అలీ

(కోడుమూరులో రాత్రిపూట చదువుకుంటున్న మహిళలకు చేసిన ప్రసంగం)



కోడుమూరు పక్కల సుగ్గి అంటే తెలియని ఇల్లు లేదు. వానలు ముఖం చాటేస్తాయి. హంద్రీలో ఇసుక తప్ప నీళ్లుండవు. బుడ్డలు పండవు, జొన్న పండదు. అప్పుడు మూటా ముల్లె కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని గుంటూరు దిక్కు పోతారు. మిరపకాయలు కోస్తారు, పత్తి తీస్తారు. మళ్లా వానలనాటికి ఊరు చేరతారు. ముసలమ్మ ఒక్కతే ఇంటికి కాపలా.

ఇట్లాంటి సుగ్గికి మనుషులే కాదు, పిట్టలు కూడా పోతాయి. దాన్నే వలస అంటారు. మనం ఊరు విడిచి పోయే రోజుల్లోనే అవి మన చెరువులకు వస్తాయి. ఎక్కడినుంచి? రష్యా నుంచి, మంగోలియా నుంచి, టిబెట్టు నుంచి. అక్కడ చలికాలం వస్తే చెరువులు గడ్డకడతాయి. నీళ్లు రాయి అయిపోతాయి. బాతు ముక్కుతో పొడిచినా పగలవు. నేల మీద మంచు కప్పుకుంటుంది. గడ్డి దొరకదు, పురుగు దొరకదు. తిండి లేని చోట ఏ ప్రాణి ఉంటుంది? రెక్కలు ఆడిస్తూ బయలుదేరతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన దేశం చేరతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండలు ముదరకముందే తిరిగిపోతాయి. గుడ్లు పెట్టేది, పిల్లల్ని చేసేది అక్కడే. ఇక్కడికి వచ్చేది కడుపు నింపుకోవడానికి.

ఈ సంగతి ఇప్పుడు ఇంత సులువుగా చెప్పుకుంటున్నాము. వెనక ఇది ఎవరికీ తెలియదు. చలికాలంలో పిట్టలు వస్తాయి, ఎండాకాలంలో కనబడవు. ఎక్కడికి పోతాయో, ఏ దారిన పోతాయో ఎవరు చెప్పాలి? పిట్టను అడిగితే చెబుతుందా? దాని వెంట ఎగిరి చూడగలమా?

ఆ లెక్క తేల్చడానికి మన దేశంలో ఒక మనిషి జన్మంతా తిరిగినాడు. ఆయన పేరు సలీం అలీ. ఆయన కథ ఈ రాత్రి చెప్పుకుందాం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టినాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఏడాది పిల్లవాడుగా ఉన్నప్పుడు తండ్రి పోయినాడు. మూడేళ్లకు తల్లి పోయింది. మేనమామ అమీరుద్దీన్, ఆయన భార్య హమీదా బేగం ఈ పిల్లల్ని పెంచినారు. వాళ్లకు పిల్లలు లేరు. అందుకే అందరినీ కన్నబిడ్డల్లాగానే సాకినారు.

మేనమామకు వేట అంటే ఇష్టం. పిల్లవానికి ఒక చిన్న గాలి తుపాకి ఇచ్చినాడు. వాడు దాంతో పిచ్చుకలను కొట్టేవాడు. ఒకరోజు కొట్టిన పిచ్చుకను చేతిలోకి తీసుకుని చూస్తే, దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. పసుపు పూసినట్టు! ఇంట్లో గూడు కట్టే పిచ్చుకకు అట్లాంటి మచ్చ ఉండదు. ఇది ఏ పిట్ట? మామను అడిగినాడు. మామకూ తెలియలేదు. బొంబాయిలో ప్రకృతి గురించి చదివేవాళ్ల సంఘం ఒకటి ఉంది. దాని పేరు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. అక్కడికి పోయి అడగమని చీటీ రాసి ఇచ్చినాడు.

ఆ రోజుల్లో ఆ సంఘంలో పెద్దలంతా తెల్లదొరలు. పిల్లవాడు భయపడుతూ పోయినాడు, చేతిలో కాగితం పొట్లం, అందులో చచ్చిన పిట్ట. అక్కడ మిల్లార్డు అనే దొర ఉండేవాడు. ఆయన కసురుకోలేదు. పిట్టను చూసి పేరు చెప్పినాడు. పైగా బీరువాల సొరుగులు ఒక్కొక్కటే లాగి, లోపల వరుసగా పెట్టిన పిట్టలన్నీ చూపించినాడు. అన్ని రకాల పిట్టలు ఉంటాయని ఆ పిల్లవాడు కలలోకూడా అనుకోలేదు. ఆ రోజునుంచి వానికి పిట్టల పిచ్చి పట్టింది. ఎనభై ఏళ్లయినా వదల్లేదు.

చదువులో ఆయన గొప్పవాడేమీ కాదు. లెక్కలంటే భయం. మెట్రిక్ పరీక్ష ఎట్లనో గట్టెక్కినాడు. కాలేజీ మధ్యలో విడిచి బర్మా పోయినాడు. అక్కడ అన్నకు గనుల వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. ఈయన వ్యాపారం చూసినదానికన్నా అడవిలో పిట్టలను చూసిందే ఎక్కువ. వ్యాపారం నిలబడలేదు. తిరిగి వచ్చి, 1918లో తహమీనా అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు.

పిట్టల మీద పని చేసే సర్కారు ఉద్యోగం కోసం అడిగితే పెద్ద డిగ్రీ లేదని ఇవ్వలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో చిన్న ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్లకు జంతువులను, పిట్టలను చూపించి చెప్పే పని. ఇది చాలదని తనకే తోచి, జర్మనీ దేశం పోయి బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ అనే పండితుని దగ్గర పిట్టల శాస్త్రం నేర్చుకున్నాడు. పిట్ట కాలికి రింగు వేసే విద్య కూడా అక్కడి దేశంలోనే చూసినాడు. ఆ రింగు సంగతి తర్వాత చెప్పుకుందాం. అది ముఖ్యమైనది.

1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగమే తీసేసినారు. డబ్బులు లేవు. చేతిలో పని లేదు. అప్పుడు ఆలుమగలిద్దరూ బొంబాయి దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న కిహిం అనే పల్లెకు పోయి ఉన్నారు. ఇంటి దగ్గరే చెట్టుకు గిజిగాడు గూళ్లు కడుతున్నాయి. పనిలేని మనిషి వాటినే చూస్తూ కూర్చున్నాడు. రోజులు కాదు, నెలలు.

గిజిగాడిని మీరందరూ చూసే ఉంటారు. బావి మీదికి వంగిన చెట్టుకు సొరకాయల్లాగా గూళ్లు వేలాడుతుంటాయి. కోడుమూరులో మగ్గం నేసేవాళ్లు కూడా ఆ నేత చూసి ముక్కున వేలేసుకుంటారు. గూడు నేసేది ఎవరు? మగ పిట్ట. సగం గూడు నేసినాక ఆడ పిట్టలు వచ్చి చూస్తాయి. లోపల దూరుతాయి, పోగులు లాగి చూస్తాయి. నచ్చితే ఉంటాయి, లేకపోతే పోతాయి. సంతలో చీర కొనే ఆడమనిషి కూడా ఇంత పరీక్ష చెయ్యదు! ఆడ పిట్ట ఒప్పుకున్నాక మగ పిట్ట మిగతా గూడు పూర్తి చేస్తుంది. ఆమె గుడ్లు పొదుగుతుంది. ఈయన గారు పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడ పిట్టను పిలుస్తాడు! ఈ సంగతిని సలీం అలీ చూసి రాస్తే ప్రపంచంలోని పండితులు మెచ్చుకున్నారు. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. నిచ్చెన, ఓపిక, ఒక నోటు పుస్తకం ఉంటే సరిపోయింది.

ఆ తర్వాత ఆయన ఒక మాట చెప్పినాడు. "జీతం వద్దు, తిరిగే ఖర్చులు ఇస్తే చాలు. సంస్థానాల్లో ఏయే పిట్టలున్నాయో లెక్క రాసిస్తాను" అన్నాడు. అట్లా మొదట వచ్చింది మన దిక్కుకే. 1931, 1932లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగినాడు. కృష్ణకు అవతల నల్లమల అడవిలో మన్ననూరు, ఫరహాబాదు అనే చోట్ల గుడారాలు వేసినాడు. కృష్ణకు ఇవతల గట్టు మన కర్నూలు సీమే.

తహమీనా కూడా ఆయన వెంటే ఉండేది. పెద్దింటి పిల్ల, బాగా చదువుకున్నది. అయినా గుడారాల్లో ఉంది, అడవిలో వంట చేయించింది, ఆయన రాసినవి చదివి సరిదిద్దింది. సలీం అలీ పేరు తెలిసినవాళ్లు వేలమంది. తహమీనా పేరు తెలిసినవాళ్లు ఎందరు? 1939లో ఒక చిన్న ఆపరేషన్ అయినాక ఆమె రక్తానికి విషం ఎక్కి చనిపోయింది. ఆయన మళ్లా పెళ్లి చేసుకోలేదు. చెల్లాచెదురైన మనసును పనిలోనే పెట్టినాడు. చెల్లి వరసలాంటి ప్రేమ చూపిన అక్క ఇంట్లో ఉండి, 1941లో మన దేశపు పిట్టల మీద బొమ్మల పుస్తకం వేసినాడు. దాన్ని చూసి పిట్టల పేర్లు నేర్చుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

ఇప్పుడు నీటి పిట్టల దగ్గరకు వద్దాం.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ అనే ఊరు ఉంది. అక్కడ ఒక పల్లపు భూమికి రాజులు కట్ట వేసి, కాలువ నీళ్లు తిప్పినారు. అది దేవుడు చేసిన సరస్సు కాదు, మనిషి చేసిన చెరువే. చలికాలం వస్తే వేల వేల బాతులు దిగేవి. రాజు ఎందుకు కట్టించినాడు? బాతులను కాల్చడానికి! వైస్రాయి దొరలను పిలిచి వేట విందు చేసేవాడు. 1938 నవంబరు 12న ఒక్కరోజే 4,273 పిట్టలను కాల్చి చంపినారు. ఆ లెక్క అక్కడ రాతి పలక మీద చెక్కి ఉంది. గొప్ప అనుకుని చెక్కించినారు. ఆ రోజు సలీం అలీకి సరిగ్గా 42 ఏళ్లు నిండినాయి.

స్వాతంత్ర్యం వచ్చినాక ఇంకో గండం వచ్చింది. ఆ చెరువు నీళ్లు తీసేసి భూమిని సేద్యానికి పంచాలని అడిగినారు. అడగడంలో తప్పు లేదు. భూమి లేనివాళ్లు భూమే అడుగుతారు. కానీ ఆ చెరువు పోతే అన్ని వేల పిట్టలు ఎక్కడ దిగాలి? సలీం అలీ నెహ్రూ దాకా పోయి చెప్పినాడు. చెరువు నిలబడింది. 1956లో దాన్ని పిట్టల రక్షిత స్థలం చేసినారు.

అక్కడే రింగుల పని పెద్ద ఎత్తున జరిగింది. రింగు అంటే ఏమిటి? తేలికపాటి లోహపు కడియం. మన పిల్లల కాలికి వేసే కడియం లాంటిదే, కానీ చాలా చిన్నది. దాని మీద ఒక నంబరు ఉంటుంది. "బొంబాయి సంఘానికి తెలపండి" అని అక్షరాలు ఉంటాయి. పిట్టను నొప్పి లేకుండా పట్టుకుని, తూకం వేసి, రెక్క కొలిచి, కాలికి కడియం తొడిగి వదిలేస్తారు. ఆ నంబరు, తేదీ, ఊరు పుస్తకంలో రాసుకుంటారు. అంతే. ఎక్కడో దూర దేశంలో ఆ పిట్ట మళ్లా వలలో పడినా, చచ్చి దొరికినా, ఎవరో ఒకరు నంబరు చదివి జాబు రాస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఇది ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో.

పట్టుకునేది ఎవరు? పండితులకు పిట్టను పట్టడం చేతనవుతుందా? కాదు. బీహారులో మీర్‌షికారీలు అనేవాళ్లున్నారు. తరతరాలుగా పిట్టలను పట్టి అమ్మి బతికినవాళ్లు. వాళ్లకు బడి చదువు లేదు. పిట్ట ఎప్పుడు దిగుతుంది, ఏ గడ్డిలో దాక్కుంటుంది, ఏ కూతకు వస్తుంది, అన్నీ తెలుసు. సలీం అలీ వాళ్లను పిలిపించుకుని పనిలో పెట్టుకున్నాడు.

ఈ పనికి డబ్బు ఎట్లా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1957లో కర్ణాటకలో శివమొగ్గ దిక్కున కోతులు చచ్చినాయి, తర్వాత మనుషులకు జ్వరం వచ్చింది. కొందరు చనిపోయినారు. క్యాసనూరు అడవి జ్వరం అని పేరు పెట్టినారు. అది గోమారుల వల్ల, అదే, పశువులకు పట్టే పేలలాంటి పురుగుల వల్ల వస్తుంది. అట్లాంటి జబ్బే రష్యాలో ఉంది. మరి అక్కడినుంచి వచ్చే పిట్టలు ఈ పురుగులను మోసుకొస్తున్నాయా? చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బు ఇచ్చింది. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి వేలాది పిట్టలకు రింగులు వేసినారు. మన దేశంలో రింగు వేసిన బాతులు రష్యా లోపల, కజకిస్తాన్‌లో దొరికినాయని జాబులు వచ్చినాయి. దారి తెలిసింది.

1945లో సలీం అలీ మానససరోవరం, కైలాసం దాకా పోయినాడు. యాత్రకు కాదు, పిట్టలను చూడడానికి. మానససరోవరంలో హంసలు ఉంటాయని మన అవ్వలు కథ చెబుతారు. అక్కడి ఎత్తైన చెరువుల దగ్గర నిజంగా ఉండే ఒక పిట్ట తల మీద రెండు నల్లచారలున్న పెద్ద బాతు. బూడిద రంగు ఒళ్లు, తెల్ల తల, పసుపు కాళ్లు. ఎండాకాలం టిబెట్టులో, మంగోలియాలో గుడ్లు పెట్టుకుని, చలికాలం హిమాలయాలు దాటి మన దేశానికి వస్తుంది.

హిమాలయాలు దాటడం అంటే మాటలా? అంత ఎత్తున గాలి పలచబడుతుంది. మనిషికి ఊపిరి ఆడదు. ఈ బాతులకు వీపు మీద చిన్న యంత్రాలు కట్టి తర్వాతి శాస్త్రజ్ఞులు చూసినారు. 7,290 మీటర్ల ఎత్తున ఎగిరిన బాతు లెక్కకు దొరికింది. కైలాస పర్వతం ఎత్తు 6,638 మీటర్లు. అంటే శివుడి కొండకన్నా పైన ఎగిరింది! ఎట్లా ఎగురుతుంది? దాని ఊపిరితిత్తులు పెద్దవి. పలచటి గాలిలో కూడా దాని రక్తం ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది. ఇంకొక తెలివి ఉంది. ఒకేసారి పైకెక్కి అక్కడే ఉండదు. కొండ ఎక్కినచోట ఎక్కుతుంది, లోయ వచ్చినచోట దిగుతుంది. బరువు మూట మోసేవాళ్లు అట్లాగే కదా నడిచేది. రాత్రిపూట, తెల్లవారుజామున గాలి చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఎక్కువ ఎగురుతుంది.

అట్లా వచ్చిన చారల బాతులు మన పక్కనే కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువులో వేలకొద్దీ దిగుతాయి. అదీ మన సీమలాంటి మెట్ట నేలే. పగలు చెరువులో ఉండి, చీకటి పడినాక, తెల్లవారకముందు చేలల్లోకి పోయి మేస్తాయి. బుడ్డల చేలో రైతు విడిచిన కాయలు ఏరుకుంటాయి. పరిగె ఏరుకున్నట్టే. కొన్నిసార్లు నిలబడ్డ పైరు కూడా తింటాయి. రైతుకు కోపం వస్తుంది. ఆ కోపం అబద్ధం కాదు.

ఇక్కడ భరత్‌పూర్‌లో జరిగిన ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పెద్దమనిషి కథ అని మంచి ఒక్కటే చెప్పి పోతే అది సగం కథ అవుతుంది.

ఆ చెరువు చుట్టూ ఉన్న పల్లెల వాళ్లు ఎన్నో ఏళ్లుగా తమ ఎనుములను అందులో మేపుకునేవాళ్లు. దాన్ని జాతీయ పార్కు చేసినాక, 1982లో, ఎనుములు లోపలికి రాకూడదని సర్కారు ఆపింది. ఎనుములు పిట్టలకు చెరుపు చేస్తాయని అనుకున్నవాళ్లలో సలీం అలీ కూడా ఉన్నాడు. పల్లెల వాళ్లు ఎదురు తిరిగినారు. పోలీసులు కాల్చినారు. మనుషులు చచ్చిపోయినారు. గోడ కట్టినారు. ఎనుములు ఆగిపోయినాయి.

తర్వాత ఏమైంది? గడ్డి పెరిగింది. మేసే ఎనుము లేదు. నీళ్ల మీద గడ్డి చాపలాగా పరుచుకుంది. బాతు దిగడానికి తేటనీళ్లు మిగల్లేదు. చేపలు తగ్గినాయి. పిట్టలు తగ్గినాయి. ఈ మాట బయటివాళ్లు చెప్పలేదు. సలీం అలీ సంఘం వాళ్లే పదేళ్లు అక్కడ కూర్చుని లెక్కలు రాసి తేల్చినారు. ఎనుము మేస్తేనే ఆ చెరువు చెరువుగా ఉంటుందని వాళ్లే రాసినారు. ఎనుములు మేపే ఆడవాళ్లను ముందే అడిగి ఉంటే అంత దూరం వచ్చేది కాదేమో. అయితే ఒకటి ఒప్పుకోవాలి. తాము తప్పు అనుకున్నామని వాళ్లే లెక్క చూపించి చెప్పినారు. అట్లా చెప్పేవాళ్లు తక్కువ.

ఇంక మన సీమకు వద్దాం.

కర్నూలు, కడప సీమల్లో పెద్ద నదులు పారినా మనకు ఆధారం చెరువులే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువు ఎట్లా కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఏయే దోషాలు ఉండకూడదు అని రాతి మీద రాయించినారు. ఆరువందల యాభై ఏళ్ల కిందటి మాట. మనిషి కోసం కట్టిన ఆ చెరువులే పిట్టలకూ ఇల్లు అయినాయి.

చెరువులో పిట్టకు ఏం కావాలి? లోతు నీళ్లు ఒక్కటే చాలవు. కొన్ని బాతులు మునిగి తింటాయి. కొన్ని తల కిందికి, తోక పైకి పెట్టి అందినకాడికి తింటాయి. వాటికి మోకాలు లోతు నీళ్లు కావాలి. ఉల్లంకి పిట్టల్లాంటి చిన్నవాటికి ఒడ్డున తడి బురద కావాలి. ఆ బురదలో పురుగులు ఏరుకుంటాయి. కొంగలకు చేపలు, నత్తలు, కప్పలు కావాలి. గూడు పెట్టడానికి నీళ్లలో నిలిచే తుమ్మ చెట్లు కావాలి. చెరువు పూడిపోయి, కంపచెట్లు కమ్ముకుంటే వీటిలో ఏదీ ఉండదు. అట్లాంటి చెరువు మనకు మాత్రం ఏం పనికొస్తుంది? బావుల్లో ఊట కూడా తగ్గుతుంది. ఆ నీళ్లు ఎవరు మోయాలి, ఎంత దూరం నుంచి మోయాలి, మీకు వేరే చెప్పాలా.

అనంతపురం సీమలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, చిలమత్తూరు దగ్గర వీరాపురం అని ఒక ఊరు ఉంది. ఏటా అక్కడికి ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఇవి రష్యా నుంచి వచ్చేవి కావు, మన దేశంలోనే తిరిగేవి. ఊరి నడుమ చింతచెట్ల మీద, ఇళ్ల పక్కనే గూళ్లు పెడతాయి. గూటిలోనుంచి చేప ముక్కలు వాకిట్లో పడతాయి. రెట్ట పడుతుంది. వాసన భరించలేము. అయినా ఊరివాళ్లు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. కొంగలు వస్తే వానలు, పంటలు బాగుంటాయని వాళ్ల నమ్మకం. గూటిలోనుంచి కిందపడిన పిల్లలను ఎత్తి కాపాడతారు. వాకిలి ఊడ్చే పని ఎవరిది? ఆడవాళ్లదే. అంటే కొంగలను సాకుతున్నది కూడా వాళ్లే.

రెట్టలో బలం ఉంది. తమిళనాడులో వేడంతాంగల్ అనే ఊరి రైతులు దొరల కాలంలోనే చెరువు పిట్టలను కాల్చకుండా దొరల దగ్గర హామీ రాయించుకున్నారు. పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పైరు బాగా వస్తుందని వాళ్లకు తెలుసు. ఎరువు బస్తా లేని కాలంలో అదే ఎరువు.

కర్నూలు సీమలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు ఉంది. అక్కడ గడ్డి బయళ్లలో బట్టమేక పిట్ట ఉండేది. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పిట్ట. దానికోసం 1988లో ఆ స్థలాన్ని రక్షిత స్థలం చేసినారు. ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడడం చాలా అరుదు. గడ్డి బయళ్లు చేలు అయినాయి, కాలువ నీళ్లు వచ్చినాయి. చలికాలంలో మాత్రం మధ్య ఆసియా నుంచి ఒక రకం గద్దలు వస్తాయి. రాత్రి గడ్డిలో, నేల మీదే గుంపుగా పడుకుంటాయి. పగలు చేలల్లో మిడతలను పట్టి తింటాయి. మందు కొట్టడానికి కూలి అడగవు.

కడప కొండల దగ్గర జరిగింది ఇంకా వింత. అక్కడ కలివి కోడి అనే పిట్ట ఉంది. పొదల్లో రాత్రిపూట తిరుగుతుంది. 1900లో అనంతపురం దగ్గర కనబడింది, అంతే. 86 ఏళ్లు ఎవరికీ కనబడలేదు. జాతే పోయిందని పుస్తకాల్లో రాసేసినారు. సలీం అలీ ఒప్పుకోలేదు, వెదకమన్నాడు. ఆయన సంఘం నుంచి భరత్ భూషణ్ అనే యువకుడు వచ్చి, పిట్ట బొమ్మ పట్టుకుని పల్లె పల్లె తిరిగి అడిగినాడు. 1986 జనవరిలో ఐతన్న అనే మనిషి రాత్రిపూట దీపం వెలుగులో ఆ పిట్టను పట్టి తెచ్చినాడు. పండితులు పోయిందన్న పిట్ట! ఐతన్న పిట్టలు పట్టే పనితనం ఉన్నవాడు, పుస్తకాలు చదివినవాడు కాదు. అప్పుడు సలీం అలీకి తొంభయ్యో ఏడు నడుస్తోంది. ఆ వార్త వినడానికి బతికి ఉన్నాడు.

మరుసటి ఏడు, 1987 జూన్‌లో, ఆయన బొంబాయిలో చనిపోయినాడు. సర్కారు పద్మభూషణ్, పద్మవిభూషణ్ ఇచ్చింది. రాజ్యసభలో కూర్చోబెట్టింది. 1976లో బయటి దేశంనుంచి పెద్ద బహుమతి డబ్బు వస్తే, దాన్ని పిట్టల పనికే ఇచ్చేసినాడు.

ఆయన పోయినాక కూడా రింగుల పని ఆగలేదు. ఇప్పుడు కొన్ని పిట్టలకు ఎండతో నడిచే చిన్న యంత్రాలు కడుతున్నారు. అది ఎక్కడ ఉందో ఆకాశంనుంచే తెలుస్తుంది. కానీ అవి చాలా ఖరీదు. ఎక్కువ పిట్టల కాళ్లకు ఇప్పటికీ కడియమే. కొన్నిటికి రంగు రంగుల జెండాలాంటి ముక్క కూడా కడతారు, దూరంనుంచే చదవడానికి.

అన్ని కథలూ మంచిగా ముగియలేదు. సైబీరియా నుంచి భరత్‌పూర్‌కు తెల్ల పెద్ద కొంగలు వచ్చేవి. మన దేశంలోకి దిగేముందు అఫ్గానిస్తాన్ మీదుగా రావాలి. దారిలో వేటగాళ్లు కాల్చేవాళ్లు, యుద్ధాలు జరిగేవి. ఏటేటా తగ్గి తగ్గి, 2002 చలికాలంలో ఒక్క జంట వచ్చింది. ఆ తర్వాత రాలేదు. భరత్‌పూర్‌లో చెరువు ఉంది, చేపలు ఉన్నాయి, వాళ్ల పక్కన దారి తెగింది. సుగ్గికి పోయిన మనిషి తిరిగి రాకపోతే ఇంటిముందు కూర్చున్న అవ్వ ఎట్లా ఎదురు చూస్తుందో, ఆ చెరువు దగ్గర కాపలాదారులు అట్లా ఎదురు చూసినారు.

ఈ ఏడు హంద్రీకి నీళ్లు వస్తే, చలికాలం పొద్దున ఎవరైనా గాజులదిన్నె దిక్కు పోతే, నీళ్ల అంచున నిలబడి చూడండి. తోక సూదిలాగా ఉన్న బాతు కనబడవచ్చు. ముక్కు గరిటెలాగా ఉన్న బాతు కనబడవచ్చు. అవి మన ఊరి పిట్టలు కావు, చుట్టాలు. గింజల్లో మందు కలిపి చేలో చల్లితే అవి చస్తాయి. వాటిని తిన్న కుక్క చస్తుంది. తెలియక వండుకుంటే మనుషులకూ ముప్పే.

ఎప్పుడైనా చచ్చిన పిట్ట కాలికి కడియం కనబడితే పారెయ్యకండి. చచ్చిన పిట్టను ఉత్త చేతులతో పట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టనివ్వద్దు. పుల్లతో తిప్పి చూడండి. దాని మీద అంకెలు ఉంటాయి. ఆ అంకెలు ఇప్పుడు మీరు చదవగలరు. ఒక్కొక్క అంకె చూసి కాగితం మీద వరుస తప్పకుండా రాయండి. ఏ తేదీన దొరికింది, ఏ ఊరి దగ్గర దొరికింది, బతికి ఉందా, చచ్చి ఉందా, అదీ రాయండి. కింద మీ పేరు రాయండి. కార్డు మీద చిరునామా ఇంతే చాలు: బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, హార్న్‌బిల్ హౌస్, ముంబయి. ఆ పిట్టకు రింగు ఎక్కడ వేసినారో, ఏ రోజు వేసినారో, వాళ్ల పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా రాసి ఉంటుంది.